చేతికొచ్చిన పాత పండ్ల తోట: కొట్టేయాలా, కత్తిరించాలా, అంటు మార్చాలా?

ఏళ్ల తరబడి ఎవరూ అడుగుపెట్టని తోట వారసత్వంగా చేతికి రాగానే రెండు రకాల తొందర పుడుతుంది. యంత్రాన్ని పిలిచి అన్నీ పెకిలించి, చదును చేసి, కొత్త అంట్లు పెట్టేద్దామనేది ఒకటి. పెద్దలు నాటిన చెట్లు కదా, ఒక్కదాని మీదా రంపం పెట్టకూడదనేది రెండోది. మొదటి దారిలో, ఇరవై ముప్పై ఏళ్లు పట్టి లోతుకు దిగిన వేరు ఒక్క పూటలో పోతుంది. కొత్త మామిడి అంటు చెప్పుకోదగ్గ కాపుకు రావాలంటే ఐదారేళ్లు ఆగాలి. రెండో దారిలో, ఎన్నటికీ కోలుకోని చెట్టు కిందే కొత్త మొక్కకు దక్కాల్సిన చోటూ ఎండా నీళ్లూ ఖర్చయిపోతాయి.

తోట మొత్తానికి ఒకే తీర్పు కుదరదు. చెట్టు చెట్టుకూ విడిగా తేల్చుకోవాలి. అందుకు అడగాల్సినవి మూడే: వేరు బాగుందా? మాను బాగుందా? పండు బాగుందా? వేరు పాడైతే చెట్టును తీసేయడమే. వేరూ మానూ గట్టిగా ఉండి, తల గుబురెక్కి కాపు తగ్గితే కత్తిరింపు చాలు. రెండూ బాగుండి పండే తినబుద్ధి కానిదైతే చెట్టును ఉంచి రకాన్ని మార్చాలి. కింద చెప్పేదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగేదే.

ముందు ఒక కాపు చూడండి

మీద పడేలా ఉన్న చెట్టు తప్ప, మొదటి ఏడాది దేన్నీ కొట్టకండి. తీగలు, ముళ్ల తుప్పలు, ఎండు కొమ్మలు, బదనిక (చెట్టు కొమ్మ మీదే మొలిచి దాని రసం పీల్చే మొక్క) తీసేస్తే చాలు. ప్రతి చెట్టుకూ పెయింటుతో నంబరు వేయండి. తీగతో రేకు కట్టవద్దు, మాను లావెక్కే కొద్దీ అది బెరడులోకి దిగిపోతుంది. నోటుబుక్కులో నంబరు వారీగా పూత ఎప్పుడు వచ్చింది, పిందె నిలిచిందా, పండు సైజూ రుచీ ఎలా ఉన్నాయి, పుచ్చు ఎంత, ఏ వైపు కొమ్మలు కాయలేదు అన్నవి రాసుకోండి. మామిడిలో ఏడాది విడిచి ఏడాది కాసే రకాలు ఎక్కువ. కాబట్టి ఒక ఏడాది కాయలేదని దాన్ని గొడ్డుచెట్టు కింద జమకట్టకూడదు, రెండో ఏడాదీ చూడాలి.

బదనికను లాగేస్తే పోదు. దాని వేరు కొమ్మ కలపలోకే దిగి ఉంటుంది, పైది తెంపితే మళ్లీ చిగురిస్తుంది. అది అతుక్కున్న చోటికి కనీసం 30 సెంటీమీటర్లు మాను వైపుగా కొమ్మనే కోసేయాలి. అసలు మాను మీదే నాలుగైదు చోట్ల పట్టి ఉంటే ఆ చెట్టును తీసేసే జాబితాలో రాసుకోండి. పిట్టలు దాని గింజల్ని పక్క చెట్లకూ, రేపు పెట్టబోయే మొక్కలకూ చేరవేస్తూనే ఉంటాయి.

వేరూ మానూ పరీక్షించడం

చిన్న గడ్డపార, చెక్క సుత్తి, పొడవాటి స్క్రూడ్రైవర్, పదునైన చాకు ఉంటే చాలు.

మొదట మొదలు చుట్టూ 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి చూడండి. వేర్లు విడిపోయే చోట బెరడు మెత్తబడి, గోధుమ రంగు నీరు కారుతూ, పుల్లటి వాసన వస్తుంటే కుళ్లు పట్టినట్టు. ఆ కుళ్లు మొదలు చుట్టుకొలతలో సగానికి పైగా పాకితే చెట్టు మీద ఆశ వదులుకోవచ్చు. ఒక పక్కే ఉంటే, కుళ్లిన బెరడును పచ్చి బెరడు దాకా చెక్కేసి, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం ముద్ద, తయారీ కింద ఉంది) పూసి, మట్టి కప్పకుండా గాలి ఆడనిచ్చి చూడవచ్చు. మొదట్లో గొడుగుల్లాంటి, అరల్లాంటి పుట్టకొక్కులు ఉంటే లోపల కలప చాలాకాలంగా పుచ్చుతున్నట్టే.

తర్వాత సుత్తితో మాను చుట్టూ తట్టండి. గట్టి కలప ఖణేల్‌మంటుంది, బోలుది డొల్లగా మోగుతుంది. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పనికిరానిది కాదు. చేవ పోయినా, బెరడూ దాని కింది కలపా బాగుంటే చెట్టు కాస్తూనే ఉంటుంది. భయమల్లా విరిగిపడటం గురించే. తొర్రలోకి స్క్రూడ్రైవర్ దించి గట్టి కలప ఎంత మందం మిగిలిందో చూడండి. అది మాను వ్యాసార్ధంలో మూడో వంతుకన్నా తక్కువైతే, ఇల్లో దారో విద్యుత్ తీగో దగ్గర ఉన్న చెట్టును ఉంచకూడదు. వాలిన చెట్టుకు వాలుకు వెనక వైపు నేల పగిలి ఉబ్బి ఉంటే, అది పడటం మొదలైపోయినట్టే లెక్క.

కొమ్మల సంగతి చాకుతో తేలుతుంది. బెరడును గోరంత గీకితే కింద పచ్చగా, తడిగా ఉండాలి. కొస నుంచి మాను వైపు గీకుతూ వస్తే పచ్చదనం ఎక్కడ మొదలైందో అక్కడిదాకా కొమ్మ చచ్చినట్టు.

పండు తేడాగా ఉంటే అంటు కట్టిన చోటు చూడండి

పాత తోటల్లో తరచూ జరిగేది ఒకటుంది. మొదట్లో పెట్టింది మంచి బత్తాయే. పట్టించుకునేవాళ్లు లేక అంటు కిందినుంచి వేరుమూలం (అంటు కట్టడానికి వేరుగా వాడిన కింది మొక్క) పిలకలు లేచి, పైదాన్ని తొక్కేసి, అవే చెట్టై కూర్చుంటాయి. ఇప్పుడు కాసేది వేరుమూలంగా వాడిన జంబేరో, రంగపూర్ నిమ్మో. 'ఈ బత్తాయి పుల్లన' అంటే చాలాసార్లు కథ ఇదే. చెట్టు మొదలు దగ్గర అంటు బుడిపె వెతకండి. కాసే కొమ్మలన్నీ దాని కిందినుంచి లేచినవైతే, ఉన్నది వేరుమూలమే. అంటు పైన ఇంకా ఒక్క కొమ్మ బతికి ఉన్నా, కింది పిలకలన్నీ మొదలంటా తీసేసి దాన్ని నిలబెట్టుకోవచ్చు. లేకపోతే ఆ చెట్టుకు కత్తిరింపు దండగ.

దానిమ్మ సాధారణంగా అంటు కట్టకుండా కొమ్మతోనో గాలి అంటుతోనో (చెట్టు మీదే కొమ్మకు వేరు పట్టించి) పెంచినదే కనుక, మొదట్లో లేచే పిలకా అసలు రకమే. ముసలి కాండాల్ని నేల మట్టానికి కోసి, బలమైన పిలకలు మూడు నాలుగు ఉంచితే చెట్టు కొత్తదవుతుంది.

మొదటి దారి: కత్తిరించి తిప్పుకోవడం

ఇది ఏ జాతికి ఎంత పనిచేస్తుందనేది అది ఎక్కడ పూస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. ముసలి చెట్టును నేల నుంచి మీటరు, మీటరున్నర ఎత్తున కోసినా మరుసటి ఏడాదికే కాయ చూడవచ్చు. రేగు కూడా అంతే, ఏటా గట్టిగా కత్తిరిస్తేనే బాగా కాస్తుంది. మామిడి బాగా ముదిరిన రెమ్మ కొస నుంచి పూస్తుంది. అందుకే మొత్తం తల కోస్తే కనీసం రెండు కాపులు వదులుకోవాలి. సపోటా మెల్లగా పెరిగే చెట్టు, లోపలి ఎండు పుల్లలు తీసి గాలి ఆడనిస్తే చాలు. పనస మాను మీదా లావు కొమ్మల మీదా కాస్తుంది కాబట్టి వాటిని ముట్టుకోకూడదు. కొబ్బరికి అసలు ఈ దారే లేదు: ఉన్నది ఒక్క మొవ్వు, అది పోతే చెట్టు పోయినట్టే.

మామిడికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, చెట్టునంతా ఒకేసారి 3–4 మీటర్ల ఎత్తుకు దించి, నలువైపులా పరుచుకున్న మూడు నాలుగు పెద్ద కొమ్మల మోళ్లు మాత్రం ఉంచడం. రెండోది, మూడేళ్లకు విడగొట్టుకుని ఏటా తలలో మూడో వంతు తీయడం, మొదటి ఏడాది మధ్యలో నిట్టనిలువుగా పోయిన కొమ్మలతో మొదలుపెట్టి. ఒకేసారి కోస్తే పని త్వరగా అయిపోతుంది కానీ ఎండకు బెరడు పగలడం, కాండం తొలిచే పురుగు మీద పడటం, కాపు పూర్తిగా ఆగిపోవడం మూడూ ఒకేసారి వస్తాయి. పెరటి తోటకూ, కొద్దిపాటి చెట్లకూ మూడేళ్ల పద్ధతే మేలు. తల అందనంత ఎత్తుకు పోయి, లోపలంతా పచ్చాకు లేని బోడి కొమ్మలే ఉన్నప్పుడు మాత్రం ఒకేసారి కోయడం తప్పదు.

కాయల కోత ముగిశాక, కత్తిరింపుకు వానలు లేని పొడి రోజులు చూసుకోండి. లావు కొమ్మను ఒక్క కోతలో తీయాలని చూస్తే సగంలో బరువుకు విరిగి, మాను బెరడును చీల్చుకుంటూ కిందికి పోతుంది. మూడు కోతలు వేయాలి. కొమ్మ పుట్టిన చోటికి 30 సెంటీమీటర్ల దూరంలో, కింది వైపు నుంచి మూడో వంతు లోతుకు ఒకటి. దానికి కొంచెం బయటగా పైనుంచి రెండోది, కొమ్మ దీనితో తెగిపడుతుంది. మిగిలిన మోడును, మాను దగ్గర ఉబ్బుగా కనబడే మెడకు ఆనించి మూడోది. మెడను కోసేస్తే గాయం పూడదు. మోడు పొడవుగా వదిలినా అది ఎండి, పుచ్చు లోపలికి దిగుతుంది.

గాయాలకు బోర్డో పేస్టు: మైలుతుత్తం 1 కిలో, మంచి సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు. రెండింటినీ సగం సగం నీళ్లలో వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. తుడిచిన ఇనుప మేకును అందులో ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. ఎండ సూటిగా తగిలే మానుకూ లావు కొమ్మలకూ సున్నం పూత వేస్తే బెరడు పగలదు.

అసలు పని ఆ తర్వాతే ఉంటుంది. మూడు నాలుగు నెలల్లో ఒక్కో మోడు మీద పదుల కొద్దీ చిగుళ్లు గుత్తిగా లేస్తాయి. బయటి వైపుకు, ఎడంగా ఉన్నవి కొమ్మకు ఆరు నుంచి ఎనిమిది ఉంచి, మిగతావాటిని లేతగా ఉన్నప్పుడే చేత్తో విరిచేయాలి. ఈ చిగుళ్లు బెరడుకే పైపైన అతుక్కుని ఉంటాయి కాబట్టి గుంపుగా వదిలేస్తే గాలికి మొత్తం చీలిపోతాయి. ఇది చేయకపోతే రెండేళ్లలో చెట్టు మునుపటికన్నా గుబురవుతుంది, కాపు మాత్రం రాదు. ఏడాది పాటు పదిహేను రోజులకోసారి మాను చుట్టూ చూడండి. రంపపు పొట్టులాంటిది రాలుతూ కన్నం కనబడితే వంచిన ఇనుప తీగ దూర్చి పురుగును లాగి చంపి, తడి మట్టితో కన్నం మూసేయండి. ఎరువు మాను మొదలు దగ్గర వేస్తే ఉపయోగం లేదు. నీళ్లూ పోషకాలూ పీల్చే సన్న వేర్లు ఎక్కువగా దూరంగా ఉంటాయి కనుక, కోతకు ముందు నీడ ఎక్కడిదాకా పడేదో ఆ గీత మీద గాడి తీసి పెద్ద చెట్టుకు 50 కిలోల మాగిన పశువుల ఎరువు వేయండి.

నిమ్మ జాతి విషయంలో మాత్రం రంపం పట్టే ముందు ఆకు చూడాలి. నడి ఈనెకు రెండు పక్కలా ఒకేలా పసుపు పడితే చాలావరకు జింకు లాంటి పోషక లోపమే, పిచికారీతో సరిదిద్దవచ్చు. ఒక పక్క ఒకలా, మరో పక్క ఇంకోలా మచ్చలు మచ్చలుగా పసుపు పడి, కాయ వంకరగా చిన్నదై, పక్వానికి వచ్చినా కింది భాగం పచ్చగానే ఉంటే గ్రీనింగ్ తెగులు అయ్యే అవకాశం ఎక్కువ. దానికి మందు లేదు. ఆ చెట్టును ఉంచితే రసం పీల్చే పురుగు ద్వారా కొత్త నిమ్మ మొక్కలకూ పాకుతుంది. జామలో కొమ్మ తర్వాత కొమ్మ వాడుతూ, కాయలు చెట్టునే ఎండి వేలాడుతుంటే అది ఎండు తెగులు, కత్తిరింపుతో ఆగదు.

రెండో దారి: అదే వేరు మీద వేరే పండు

మామిడి, రేగు, ఉసిరి చెట్లు బలంగా ఉండి పండు బాగోలేకపోతే ఇంతకన్నా మంచి దారి లేదు. పీచు మామిడిని తీసేసి కొత్త అంటు పెట్టినదానికన్నా ఒకటి రెండేళ్లు ముందే పండు చేతికొస్తుంది, ఆ తర్వాత కాపు పెరిగే వేగానికైతే పోలికే లేదు. చేయి తిరిగిన మనిషి మాత్రం కావాలి.

ముందు పైన చెప్పినట్టు తల దించండి. ఒక కొమ్మను కోయకుండా ఉంచాలి, వేరుకు కూడు పెట్టేది అదే. కొత్త చిగుళ్లు పెన్సిలంత లావై, ఇంకా రాగిరంగు వీడకముందే అంటు కట్టాలి. నచ్చిన రకం చెట్టు మీద అంతే లావు పుల్లల్ని ఎంచుకుని, కోయడానికి ఏడు నుంచి పది రోజుల ముందే ఆకుల్ని కాడలు ఉంచి తుంచేయండి. అప్పుడే కొస మొగ్గ ఉబ్బి సిద్ధమవుతుంది. ఇది దాటవేసిన చోటే అంట్లు ఎక్కువగా ఎండిపోతాయి. చిగురును అడ్డంగా కోసి, 4–5 సెంటీమీటర్ల లోతు చీల్చి, పుల్లను అంతే పొడవున మేకులా చెక్కి దింపాలి. లావులో తేడా ఉంటే కనీసం ఒక పక్కనైనా బెరడుకు బెరడు కలవాలి. పాలిథీన్ పట్టీ బిగించి, పైన సన్నటి పాలిథీన్ తొడుగు వేయాలి. మూడు వారాల్లో మొగ్గ విచ్చుతుంది, తొడుగు అప్పుడు తీయాలి. ఒక్కో కొమ్మ మీద మూడు నాలుగు కడితే ఒకటి రెండు పోయినా ఇబ్బంది ఉండదు. కింద లేచే పాత రకం చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచకపోతే అవి అంటును మింగేస్తాయి. ఉంచిన పాత కొమ్మను రెండో ఏడాది తీసేయవచ్చు.

మూడో దారి: తీసేసి కొత్తది పెట్టడం

చెట్టు పోయిన గుంటలోనే అదే జాతి మొక్క పెట్టడం అన్నింటికన్నా సామాన్యమైన తప్పు. పాత వేర్లలో ఉన్న శిలీంధ్రాలూ నులిపురుగులూ (వేర్లలో దూరే సన్నటి పురుగులు) అక్కడే కాచుకుని ఉంటాయి. ఆపిల్ లాంటి చలిప్రదేశపు చెట్లకూ ఇదే బెడద. పైగా కుళ్లే కలప మట్టిలోని నత్రజనిని లాక్కుంటుంది, కొత్త మొక్క పాలిపోతుంది. పాత మొద్దుకు రెండు మూడు మీటర్లు జరిపి పెట్టండి, లేదా జాతి మార్చండి. నులిపురుగు వల్ల వేర్ల మీద బుడిపెలు కనబడిన జామ స్థలంలో దానిమ్మ, అంజీర వద్దు, ఆ నులిపురుగు వాటినీ వదలదు, మామిడి పెట్టుకోవచ్చు. మొదలు కుళ్లి నిమ్మ పోయిన చోట నీరు నిలుస్తోందేమో చూడాలి. 60 సెంటీమీటర్ల గుంట తీసి నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసింది 24 గంటలకూ నిలిచే ఉంటే గుంటలో కాకుండా, 30–45 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బ వేసి దాని మీద నాటాలి.

పెకిలించదలచిన చెట్టును నేల మట్టానికి కోయకండి. మీటరు పైగా మాను వదిలి, చుట్టూ 60 సెంటీమీటర్ల దూరంలో కందకం తీసి పక్క వేర్లు నరికితే, ఆ మానే మీటగా పనికొచ్చి మొద్దు ఊడొస్తుంది. మట్టానికి కోసిన మొద్దును తవ్వి తీయడం నాలుగింతల చాకిరీ. కొన్ని చెట్లు కొట్టడానికి అనుమతి కావాలనే నియమాలు చాలాచోట్ల ఉంటాయి. హద్దు మీద ఉన్న చెట్టుకు పక్కవారి మాట కూడా కావాలి. ఈ రెండూ రంపం తెచ్చే ముందే చూసుకోవాలి.

మామిడి, సపోటా, పనసలకు మీటరు ఘనపు గుంట, జామ, నిమ్మ, దానిమ్మలకు 60 సెంటీమీటర్లది సరిపోతుంది. పైమట్టి విడిగా పోసి, గుంటను రెండు నుంచి నాలుగు వారాలు ఎండనిచ్చి, ఆ పైమట్టిలోనే 20–25 కిలోల మాగిన ఎరువు కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలూ వస్తాయి. నేలకన్నా 15 సెంటీమీటర్లు ఎత్తుగా నింపాలి, ఒక వానకు అది కుంగుతుంది. మట్టానికి నింపితే కుంగిన గుంటలో నీరు నిలిచి, అంటు కట్టు మట్టిలో కూరుకుపోతుంది. కట్టు ఎప్పుడూ నేలకు జానెడు పైన ఉండాలి. బరువైన నల్లరేగడిలో గుంట గోడలు నున్నగా ఉంటే అది తొట్టిలా నీళ్లు పట్టేస్తుంది, గడ్డపారతో గోడల్ని చిల్లులు పొడవండి.

ఏ మొక్క, ఎంత ఎడం

విత్తన మొక్క తల్లిని పోలి వస్తుందన్న నమ్మకం లేదు, కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. దాని తల్లివేరు మాత్రం లోతుకు పోతుంది. అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాస్తుంది. గాలి అంటుకు తల్లివేరు ఉండదు, జామకూ నిమ్మకూ ఫరవాలేదు కానీ ఈదురుగాలులు కొట్టే చోట కర్ర ఊతం లేకపోతే ఒరిగిపోతుంది. కొనేటప్పుడు ఎత్తయిన మొక్కకు మోసపోకండి. చిన్న సంచిలో ఎక్కువ కాలం ఉన్నదానికి వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, నాటాకా ఆ చుట్ట విప్పుకోదు. ఐదారేళ్లకు కారణం లేకుండా వాడే చెట్లలో ఇలాంటివీ ఉంటాయి.

ఎడం విషయంలో మీరు తోటకు ఎన్నాళ్లకోసారి వెళ్లగలరన్నదే కొలత. 400 చదరపు మీటర్లలో 10 మీటర్ల ఎడంతో నాలుగు మామిళ్లు పడతాయి, 5 మీటర్లతో పదహారు, 3×2 మీటర్ల సాంద్ర పద్ధతిలో 66 దాకా. ఆ 66 చెట్లను ఏటా క్రమం తప్పకుండా కత్తిరించాలి. రెండేళ్లు వదిలేస్తే కొమ్మలు కలిసిపోయి ఏదీ కాయదు. నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాళ్లకు ఎడంగా పెట్టిన మామిడి, సపోటా, నేరేడు నయం. దానిమ్మకు వారం వారం చూసే కన్ను ఉండాలి. ఉసిరి ఒక్కటే పెడితే సరిగా కాయదు, రెండు రకాలు పక్కపక్కన కావాలి.

అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. ఖాళీలున్న చోట, పాత చెట్ల నీడ గీతకు బయట కొత్తవి ముందు నాటి, అవి కాపు చూపాక పాతవి తీయవచ్చు. ఇందులో ఎక్కువ మంది పొరబడేది ఒక్క చోటే: పెద్ద చెట్టు పడేటప్పుడు మూడేళ్లు పెంచిన మొక్కల మీద పడుతుంది. అది ఏ వైపు పడాలో నాటే రోజే నిర్ణయించి, అటు మొక్కలు పెట్టకుండా దారి వదలండి. దారి లేకపోతే పైనుంచి కొమ్మ కొమ్మకూ తాడు కట్టి ముక్కలుగా దించాలి.

నాటిన మొదటి రెండేళ్లు వచ్చిన పూతను తుంచేయండి, కట్టు కింద లేచే పిలకల్నీ వదలకండి. అంటుకు చుట్టిన పాలిథీన్ పట్టీ ఇంకా ఉందేమో నాటే రోజే చూడండి. కట్టు పూర్తిగా అతుక్కుని ఉంటే అంటుకు ఎదురు వైపున బ్లేడుతో నిలువునా ఒక్క గీత గీసి తీసేయాలి. అది అలాగే ఉండిపోతే కాండం లావెక్కే కొద్దీ నొక్కుకుపోయి, బాగా పెరుగుతోందనుకున్న మొక్క ఏదో గాలి రోజున సరిగ్గా అక్కడే విరుగుతుంది.